ఊరి చరిత్ర ఎవరికి తెలుసు?

చరిత్ర అంటే ఏమిటి? రాజుల కథలు, యుద్ధాలు, కోటలు. చాలామంది ఇలాగే అనుకుంటారు. మరి పంట కోసినవాళ్ళది చరిత్ర కాదా? రొట్టె కాల్చినవాళ్ళది కాదా? బిడ్డను చంకనేసుకొని పొలానికి పోయిన తల్లిది కాదా?

అక్కలూ, చెల్లెళ్ళూ! ఈ ప్రశ్నకు ఒక ఊరు జవాబు చెప్పింది. ఆ ఊరు మన దేశంలో లేదు. ఇంగ్లండులో ఉంది. పేరు బ్లాక్స్‌హాల్. ఇంగ్లండుకు తూర్పు వైపున సఫోక్ అనే జిల్లా ఉంది. అందులో ఇదొక చిన్న ఊరు. పొలాలు, గొర్రెలు, ఒక చర్చి, అప్పట్లో ఒక బడి ఉన్న పల్లె.

బడికి వచ్చిన టీచరమ్మ

1948లో ఆ ఊరి బడికి ఒక టీచరమ్మ వచ్చారు. పేరు ఎలెన్. ఆమె భర్త జార్జ్ ఎవార్ట్ ఎవాన్స్. ఆయన రచయిత. వాళ్ళకు నలుగురు పిల్లలు. టీచరమ్మ బడికి పోయేవారు. ఆయన ఇంటి దగ్గర ఉండి పిల్లల్ని చూసుకొంటూ, రాసుకొంటూ ఉండేవారు. ఆయనకు చెవులు సరిగా వినపడేవి కావు. అయినా ఊళ్ళో ముసలివాళ్ళ దగ్గర కూర్చొని వాళ్ళ మాటలు వినేవారు.

అప్పటికి ఆ పల్లెల్లో వ్యవసాయం మారిపోతోంది. గుర్రాలు పోయి ట్రాక్టర్లు వస్తున్నాయి. కొడవలి పోయి కోత మిషను వస్తోంది. చేతి పని తెలిసినవాళ్ళు అప్పటికే 70, 80 ఏళ్ళవాళ్ళు. వాళ్ళు పోతే ఆ పని ఎలా చేసేవారో చెప్పేవాళ్ళు ఉండరు. ఎవాన్స్ గారికి ఈ సంగతి అర్థమయింది. ఒక ముసలి గొర్రెల కాపరిని అడిగారు. ఆయన భార్యను అడిగారు. ఇరుగు పొరుగును అడిగారు. చెప్పిందంతా రాసుకొన్నారు. 1956లో అది పుస్తకమయింది.

ఆ ముసలివాళ్ళు ఏం చెప్పారు?

ఆడవాళ్ళు ఇంట్లోనే రొట్టెలు కాల్చేవారు. గోడలో ఇటుకలతో కట్టిన గూడు లాంటి పొయ్యి ఉండేది. అందులో పుల్లలు వేసి మండించేవారు. పొయ్యి బాగా కాలాక నిప్పులు బయటికి లాగేసేవారు. లోపలి ఇటుకల రంగు మారిందా లేదా చూసి వేడి కనిపెట్టేవారు. అప్పుడు పిండి ముద్దలు లోపల పెట్టి తలుపు మూసేవారు. ఒక్కసారి కాలిస్తే ఇంటిల్లిపాదికీ వారం రోజులు రావాలి.

రొట్టె పొంగాలంటే పిండిని పులియబెట్టాలి. బీరు కాచినప్పుడు వచ్చే నురగతో పులియబెట్టేవారు. ఒక ఇంట్లో లేకపోతే పక్కింట్లో అడిగి తెచ్చుకొనేవారు. మనం పాలు తోడుపెట్టడానికి పక్కింటికి గిన్నె పట్టుకొని పోతాం చూడండి, అలాగే.

పొలంలో రాళ్ళు ఏరడం కూడా ఆడవాళ్ళ పని, పిల్లల పని. బండికి ఇంత అని కూలి ఇచ్చేవారు. ఆ రాళ్ళు రోడ్లకు వేసేవారు.

పరిగె ఏరే ఆడవాళ్ళు

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇది. కోతలు అయ్యాక పొలంలో వెన్నులు రాలి ఉంటాయి. వాటిని ఏరుకోవడాన్ని మనం పరిగె ఏరడం అంటాం. ఇంగ్లండు పల్లెల్లో కూడా పేద ఆడవాళ్ళు, పిల్లలు పరిగె ఏరేవారు.

దానికి కట్టుబాట్లు ఉండేవి. పొలంలో చివరి పన ఒకటి నిలబెట్టి ఉంచేవారు. అది ఉన్నంతసేపు ఎవరూ లోపల అడుగు పెట్టకూడదు. అది తీశాకే ఏరాలి. చాలా ఊళ్ళలో పొద్దున చర్చి గంట కొట్టేవారు. గంట కొట్టకముందు ఎవరూ మొదలుపెట్టకూడదు. సాయంత్రం మళ్ళీ గంట కొడితే ఆపేయాలి. ఎందుకు? చంటిబిడ్డ తల్లి పొద్దున్నే రాలేదు. ముసలావిడ తొందరగా నడవలేదు. గంట ఉంటే అందరికీ సమానంగా దొరుకుతుంది.

ఏరిన గోధుమలు ఇంట్లో దులిపి, మరకు తీసుకుపోయి పిండి పట్టించేవారు. చలికాలంలో ఆ పిండే ఆ ఇంటికి రొట్టె.

కోర్టు ఏమంది?

పరిగె ఏరడం పేదల హక్కా, లేక రైతు దయా? దీని మీద పెద్ద కేసు నడిచింది. అది కూడా సఫోక్ జిల్లాలోనే. టిమ్‌వర్త్ అనే ఊళ్ళో మేరీ హౌటన్ అనే ఆమె పరిగె ఏరింది. పొలం యజమాని స్టీల్ ఆమె మీద కేసు వేశాడు. 1788లో తీర్పు వచ్చింది. పరిగె ఏరే హక్కు చట్టంలో ఎవరికీ లేదని కోర్టు చెప్పింది. జడ్జీలలో ఒకరు మాత్రం ఒప్పుకోలేదు. హక్కు ఉందని ఆయన అన్నారు.

మేరీ ఓడిపోయింది. కానీ ఆడవాళ్ళు పరిగె ఏరడం మానలేదు. ఇంకా 100 ఏళ్ళకు పైగా ఆ ఆచారం నిలిచింది. తీర్పు కాగితం మీద ఉంది. ఆచారం ఆడవాళ్ళ నోట్లో ఉంది. కాగితం ఒక్కటే చూస్తే పరిగె 1788లోనే ఆగిపోయింది అనుకుంటాం. ముసలమ్మలను అడిగితేనే అసలు సంగతి తెలిసింది.

వేలిముద్ర లాంటి గుర్తు

అక్కడి ఆడవాళ్ళు తమ సంగతులు తామే ఎందుకు రాయలేదు? చాలామందికి రాయడం రాదు గనుక. అక్కడ పెళ్ళి అయితే రిజిస్టరులో సంతకం చేయాలి. రానివాళ్ళు ఇంటూ గుర్తు పెట్టేవారు. మన దగ్గర వేలిముద్ర వేసినట్టు. 1840 ప్రాంతంలో ఇంగ్లండులో పెళ్ళి కూతుళ్ళలో నూటికి సుమారు 50 మంది ఇంటూ గుర్తే పెట్టారు. పెళ్ళి కొడుకుల్లో నూటికి సుమారు 33 మంది. 1880లో పిల్లలు బడికి రావడం తప్పనిసరి చేశారు. ఆ తర్వాత 20 ఏళ్ళలో ఇంటూ గుర్తులు చాలావరకు పోయాయి.

చెప్పిందంతా నిజమేనా?

బ్లాక్స్‌హాల్‌లో ఒక పెద్ద బండరాయి ఉంది. ఒకప్పుడు అది చిన్న రొట్టె అంత ఉండేదనీ, పెరిగి పెరిగి అంత అయిందనీ ఊళ్ళో చెప్పుకొనేవారు. రాయి పెరుగుతుందా? పెరగదు. మరి ఆ మాట ఎందుకు వచ్చింది? ఆ పొలాల్లో ఎన్ని రాళ్ళు ఏరినా మరుసటి ఏడాది మళ్ళీ కనపడేవి. దున్నినప్పుడు అడుగు రాళ్ళు పైకి వస్తాయి. చలికి నేల గడ్డకట్టి కరిగినా పైకి వస్తాయి. రాళ్ళు పుడుతున్నాయి, పెరుగుతున్నాయి అని జనం అనుకొన్నారు. రాయి కథ నిజం కాదు. కానీ రాళ్ళు ఏరి నడుము నొప్పి పెట్టినవాళ్ళ బతుకు అందులో ఉంది.

అందుకే వినాలి, సరిచూడాలి కూడా. ఒకే సంగతి ఇద్దరు ముగ్గుర్ని అడగాలి. బడి రిజిస్టరు, చర్చి రిజిస్టరు లాంటి కాగితాలతో పోల్చాలి.

ఎవాన్స్ గారు 1988లో చనిపోయారు. తర్వాతి రోజుల్లో ఆయన టేపు మీద పట్టిన మాటలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. చిన్నప్పుడే బడి మానేసి పనికి పోయినవాళ్ళ గొంతులు అవి. రాజుల కాగితాలు ఉన్నచోటే వాళ్ళ మాటలకూ చోటు దొరికింది.

మీ ఊళ్ళో కూడా 80 ఏళ్ళ అవ్వ ఉంటుంది. ఆమె తిరగలి విసిరింది, పరిగె ఏరింది, పురుళ్ళు పోసింది. అదంతా ఆమె నోట్లోనే ఉంది. ఇప్పుడు మీకు రాయడం వచ్చింది. నోటుపుస్తకం తీసుకొని ఆమె దగ్గర కూర్చోండి. ఆమె పేరు రాయండి. తేదీ వేయండి. ఆమె చెప్పిన మాటలు ఆమె చెప్పినట్టే రాయండి.

మాట్లాడుకొందాం

1. పరిగె ఏరడానికి గంట ఎందుకు కొట్టేవారు?
2. కోర్టు తీర్పు వచ్చినా ఆడవాళ్ళు ఎందుకు మానలేదు?
3. మీ ఊళ్ళో పరిగె ఏరడానికి ఎలాంటి కట్టుబాట్లు ఉండేవి? పెద్దవాళ్ళను అడిగి 5 వాక్యాలు రాయండి.