ఆర్డర్ చేతికొచ్చింది, మస్టర్లు నిండలేదు

ఇంట్లో పిల్లగాడికి సింగరేణి కొలువు దొరికిందని తెలిస్తే చాలు, గోదావరిఖనిలో అప్పు తనంతట తానే గడప దాకా వస్తుంది. షోరూము వాళ్లు చేతి నుంచి రూపాయి పెట్టకుండా బండి ఇస్తామంటారు. చిట్టీ నడిపేవాళ్లు పెద్ద చిట్టీలో పేరు రాసుకుంటామంటారు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తిప్పేవాళ్లు ‘జీతం పడ్డంకనే ఇద్దువు తియ్యి’ అంటారు. వీళ్లందరూ చూసేది కంపెనీ పేరు. 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది అయిన కంపెనీ ఎక్కడికీ పోదు, నిజమే. అయితే అప్పు కాగితం మీద సంతకం చేసేది కంపెనీ కాదు. నిన్న మొన్న వృత్తి శిక్షణ కేంద్రం (వీటీసీ)లో శిక్షణ ముగించి బాయి దిగిన బదిలీ వర్కర్. అతని నౌకరీ ఇంకా గట్టిపడలేదు. ఈ తేడా తెలియకనే రామగుండం నుంచి మందమర్రి దాకా ఎన్నో కొత్త జీతాలు మొదటి ఏడాదిలోనే అప్పులోళ్ల పాలవుతున్నాయి. అందుకే ఈ ప్రాంతంలో తరచూ వినిపించే మాటలను ఒక్కొక్కటిగా తీసుకుని చూద్దాం.

అపోహ: “సింగరేణి నౌకరంటే సర్కారు నౌకరే. ఒక్కసారి ఎక్కితే ఎవడు తీసేస్తడు?”

కొత్తగా చేరినవారు చాలావరకు బదిలీ వర్కర్ హోదాలోనే మొదలుపెడతారు. ఏడాదిలో భూగర్భ గనుల్లో అయితే 190, ఉపరితలంలో అయితే 240 మస్టర్లు (హాజరు రోజులు) నిండితేనే జనరల్ మజ్దూరుగా క్రమబద్ధీకరణ జరుగుతుంది. ఈ అంకెలు గాలిలోంచి వచ్చినవి కావు. 1952 గనుల చట్టం సెలవుల లెక్కకు ఏడాది సర్వీసుగా చూసింది ఈ హాజరునే. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం కూడా ఏడాది నిరంతర సర్వీసుకు ఇవే కొలతలు పెట్టింది. అంటే ఆర్డర్ కాగితం లోపలికి రానిస్తుంది, హక్కు నిలబడేది మస్టర్ల మీద.

మొదటి ఏడాది చేతిలో జమ అయిన సెలవులు ఉండవు. జ్వరం వచ్చినా, ఇంట్లో చావు జరిగినా, నైట్ షిఫ్టు పడక పండుకున్నా అది నాగా కిందికే పోతుంది. నాగాకు జీతం లేదు. నాగాలు పెరిగి ఏడాదికి వంద మస్టర్లు కూడా నిండనివాళ్లను ముందు కౌన్సెలింగ్‌కు పిలుస్తారు. తర్వాత చార్జిషీటు, విచారణ, ఆఖరికి డిస్మిస్. డిస్మిస్ అయిన కార్మికులను మళ్లీ తీసుకోవాలని సంఘాలు ఏళ్ల తరబడి కొట్లాడుతూ వస్తున్నాయంటే, అలా పోయినవాళ్లు కొద్దిమంది కారనే కదా!

అప్పు ఈ నాగాలను పెంచుతుంది. బయటివాళ్లకు అంతగా తెలియని సంగతి ఇది. జీతం పడే రోజున బ్యాంకు దగ్గర, షిఫ్టు దిగే వేళకు గని గేటు దగ్గర అప్పులోళ్లు నిలబడతారు. వాళ్ల కంట పడొద్దని మనిషి డ్యూటీకి పోడు. డ్యూటీకి పోకపోతే జీతం తగ్గుతుంది, పాత బాకీ కట్టడానికి కొత్త బాకీ చేస్తాడు. కొత్త కార్మికుడి నౌకరీ పోయింది తాగుడు వల్లనే అని ఊరు తేలిగ్గా తేల్చేస్తుంది. చాలా ఇళ్లలో అప్పే ముందు వచ్చింది, తాగుడు ఆ వెనక వచ్చింది.

అపోహ: “నాన్నకు వచ్చిన డబ్బులున్నయి, కొడుకు జీతం కూడా వస్తది. ఇప్పుడు కొనకపోతే ఎప్పుడు కొంటం?”

కారుణ్య నియామకాల్లో కొలువు వచ్చిన ఇళ్లకు ఇది పెద్ద ఉచ్చు. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుక్కో కూతురికో ఉద్యోగం వస్తుంది. ఇంటిల్లిపాదీ అది పండుగ రోజు అనుకుంటారు. అసలు లెక్క వేసి చూస్తే ఆ రోజు నుంచి ఆ ఇంటి ఆదాయం తగ్గింది. పాతికేళ్ల సర్వీసుతో, ఇంక్రిమెంట్లతో ఎదిగిన తండ్రి జీతం ఆగిపోయి, దాని స్థానంలో కేటగిరీ 1 కొత్త మూలవేతనం వచ్చింది. 1998 నాటి బొగ్గు గనుల పింఛను పథకంలో పూర్తి సర్వీసు ఉన్నవారికైనా వచ్చేది సగటు వేతనంలో నాలుగో వంతు. దానికి కరువు భత్యం లేదు, ధరలు ఎంత పెరిగినా పింఛను పెరగదు.

పైగా ఆ తండ్రి అన్‌ఫిట్ అయ్యిందే రోగంతో. గుండె, మూత్రపిండాలు, వెన్నెముక, ఊపిరితిత్తులు, ఏదో ఒకటి పాడై ఇంటికి వచ్చినవాడు. గ్రాట్యుటీ, భవిష్య నిధి కలిపి ఒకేసారి చేతికొచ్చిన మొత్తం అతని మిగిలిన బతుకుకు ఆధారం. ఆ డబ్బుతో కారు డౌన్ పేమెంట్ కట్టి, మిగతా వాయిదాలు కొడుకు జీతం మీద వేస్తే, ఇంట్లో ఉన్న రెండు ఆధారాలూ ఒక్క వస్తువులోకి పోయినట్టే. 2024లో వారసుల వయోపరిమితి 35 నుంచి 40కి పెంచారు. కొత్తగా చేరేవాళ్లలో ఇప్పుడు బడికిపోయే పిల్లల తండ్రులూ ఉన్నారు. వాళ్ల జీతం మీద ఆధారపడిన నోళ్లు మొదటి రోజు నుంచే ఎక్కువ.

అపోహ: “ప్రొబేషన్ తారీకు దాటితే పర్మనెంటే. ఆ నెల నుంచి ఈఎంఐ పెట్టుకోవచ్చు.”

తారీకు దాటడం వేరు, ఖాయం చేస్తూ ఉత్తర్వు రావడం వేరు. తెలంగాణలో జూనియర్ పంచాయతీ కార్యదర్శుల కథ పెద్దపల్లి జిల్లా పల్లెల్లో కూడా అందరికీ గుర్తుండాలి. 2019లో నెలకు 15,000 జీతంతో, మూడేళ్ల ప్రొబేషన్ మీద చేరారు. మూడేళ్లు నిండాక 2022లో ఇంకో ఏడాది పొడిగించారు. 2023 ఏప్రిల్ నెలాఖరులో వాళ్లు సమ్మెకు దిగితే, విధుల్లో చేరకపోతే తీసేస్తామని ప్రభుత్వం హెచ్చరించింది. ఆ తర్వాతే క్రమబద్ధీకరణ మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగులదీ ఇంచుమించు అదే తీరు. 2019 అక్టోబరులో రెండేళ్ల ప్రొబేషన్ అని చేర్చుకున్నారు, కొత్త స్కేలు అందింది 2022 జూలై జీతం నుంచి. 2021 అక్టోబరు నుంచి జీతం రెట్టింపు అవుతుందని నమ్మి వాయిదాలు పెట్టుకున్నవారు తొమ్మిది నెలలు ఎలా నెట్టుకొచ్చి ఉంటారో ఊహించుకోండి.

చట్టం మాట కూడా తెలుసుకోవాలి. గడువు దాటితే చాలు ఖాయమైనట్టే అన్నది అన్ని చోట్లా చెల్లదు. సర్వీసు నిబంధనల్లో ప్రొబేషన్‌కు గరిష్ఠ గడువు ఉండి, అది దాటాక కూడా కొనసాగిస్తే ఖాయపరచినట్టే అని 1968లో ధరమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. అలాంటి హద్దు లేని చోట ఉత్తర్వు రావాల్సిందే. పనితీరు బాగాలేదని, మచ్చ వేయకుండా, మామూలుగా ప్రొబేషన్ ముగించి పంపిస్తే విచారణ కూడా అక్కర్లేదు. పేరుకు మామూలు తొలగింపులా ఉన్నా లోపల శిక్ష దాగి ఉంటే మాత్రం విచారణ జరగాలని 1974లో షంషేర్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. న్యాయం ఉన్నది. అది కోర్టులో తేలేలోపు ఎన్ని వాయిదాలు తప్పుతాయో బ్యాంకుకు అనవసరం.

అపోహ: “పే స్లిప్‌లో ఇంత ఉంది కాబట్టి ఇంత ఈఎంఐ కట్టగలను.”

ఏ నెల స్లిప్? ప్లే డేలు (ఆదివారం డ్యూటీలు), ఓవర్ టైం పడిన నెల స్లిప్ చూపించి అప్పు తీసుకుంటారు. ఆదివారం పనికి రెట్టింపు వస్తుంది, నిజమే. ఖర్చు తగ్గించాలని యాజమాన్యం ప్లే డేలు కోసేస్తే ఆ రాబడి అక్కడితో ఆగుతుంది. 26 మస్టర్లకు 45,000 వస్తాయనుకుంటే, ఆరు నాగాలు పడ్డ నెల పదివేలకు పైగా పోతుంది. ప్లే డేలు తీసేసి, నెలకు నాలుగైదు నాగాలు కూడా పడ్డాయనుకుని వచ్చే మొత్తమే కొత్తవాడి జీతం. అప్పుకు కొలత అదే.

అపోహ: “దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్. ఆ రెండిటితోనే తీర్చేస్త.”

2024లో విస్తరణకు పక్కన పెట్టగా మిగిలిన లాభాల్లో 33 శాతం, 796 కోట్లు, కార్మికులకు పంచారు. సగటున ఒక్కొక్కరికి లక్షా 90 వేలని లెక్క చెప్పారు. ఆ సగటే కొత్తవాళ్లను ముంచుతుంది. వాటా ముగిసిన ఆర్థిక సంవత్సరపు పనికి, హాజరును బట్టి ఇస్తారు. జూన్‌లో చేరినవాడికి ఆ దసరాకు వచ్చేది ఏమీ ఉండదు. ఆ ఏడు దీపావళి బోనస్ 93,750 కూడా పూర్తి హాజరున్నవారికి దక్కే మొత్తమే. పైవాళ్ల వాటా చూసి తన వాటా అంచనా కట్టి, దాని మీద ముందే నగలు తెచ్చుకునేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది.

అపోహ: “కారు ఆస్తే కదా. అవసరమైతే అమ్మేసి అప్పు తీర్చొచ్చు.”

షోరూము ధర 8 లక్షల కారు అనుకుందాం. తెలంగాణలో ఆ ధర బండికి లైఫ్ ట్యాక్స్ 14 శాతం, అంటే లక్షా 12 వేలు. బీమా వేరే. ఈ డబ్బు అమ్మేటప్పుడు తిరిగి రాదు. 8 లక్షలు తొమ్మిదిన్నర శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 16,800. ఏడాది తప్పకుండా కట్టినా ఇంకా 6 లక్షల 69 వేలు బాకీ ఉంటుంది. ఏడాది దాటిన కారుకు బీమా లెక్కలోనే 20 శాతం తరుగు తీస్తారు, విలువ 6 లక్షల 40 వేలకు వచ్చింది. అమ్మకంలో అంత కూడా రాకపోవచ్చు. మధ్యలో నౌకరీకి ఏదైనా అయితే, కారు పోయాక కూడా అప్పు మిగులుతుంది.

అపోహ: “ష్యూరిటీ అంటే ఒక సంతకమే. ఖాళీ నోటు ఇస్తే ఏమైతది?”

సంతకం పెట్టిన వాడూ అసలు బాకీదారుతో సమానంగా బాధ్యుడు. 1872 కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ చెప్పేది ఇదే. అప్పిచ్చినవాడు ముందు అసలు మనిషిని పట్టుకోవాలన్న నియమం లేదు, నేరుగా ష్యూరిటీ జీతం మీదికే రావచ్చు. కొత్త కార్మికుడిని తోటివాళ్లు చిట్టీకి ష్యూరిటీ అడిగితే మొహమాటానికి ఒప్పుకుంటాడు. చిట్టీ ఎత్తుకున్నవాడు వాయిదాలు ఆపిన రోజున, ఏ వస్తువూ కొనకుండానే తాను అప్పులో పడతాడు.

ఖాళీ ప్రామిసరీ నోటు ఇంకా ప్రమాదం. సంతకం పెట్టి, స్టాంపు అంటించి ఖాళీగా ఇస్తే, అందులో అంకె నింపుకునే అధికారం ఇచ్చినట్టేనని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం అంటుంది. అధిక వడ్డీకి తిప్పే గిరిగిరి ఫైనాన్సులో ఏటీఎం కార్డు, పిన్ నంబరు కూడా తీసిపెట్టుకుంటారు. అలా ఇచ్చినవాడి జీతం మీద మొదటి హక్కు వడ్డీవాడిదే అవుతుంది. నెలకు నూటికి ఐదు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 60 శాతం. రామగుండంలో ఏ బ్యాంకైనా ఇందులో సగం కంటే తక్కువ వడ్డీకే కారు అప్పు ఇస్తుంది.

అపోహ: “కంపెనీ కోటి రూపాయల బీమా చేసింది, ఇంటోళ్లకు అప్పు రంది ఉండదు.”

2024 ఫిబ్రవరిలో మొదలైన ఆ కోటి రూపాయల ఏర్పాటు జీతం ఖాతాతో ముడిపడిన ప్రమాద బీమా. మంచి ఏర్పాటే. రోగంతో పోయినా, నౌకరీ పోయినా అప్పు తీర్చేది అది కాదు.

అపోహ: “నోటరీ కాగితం మీద ప్లాటు చౌకగా దొరుకుతుంది, ఇప్పుడే పట్టుకోవాలి.”

వంద రూపాయలు, ఆపై విలువున్న స్థిరాస్తి చేతులు మారాలంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నోటరీ ముద్రతో యాజమాన్యం రాదు, దాని మీద బ్యాంకు అప్పూ ఇవ్వదు. బొగ్గు ప్రాంతంలో కంపెనీ భూమి ఏది, పట్టా భూమి ఏది అన్నది ముందు తేల్చుకోవాలి. ప్లాటు కొనడం ఏడాది ఆగితే పోయేదేమీ లేదు.

అపోహ: “పెద్ద సంస్థ మూతపడదు.”

ఈ ఊరికే ఈ మాట నప్పదు. రామగుండంలో 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన కేంద్ర ప్రభుత్వ ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. అదే చోట కొత్త కర్మాగారం వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టే సరికి 2021 వచ్చింది. 2022లో అక్కడ కాంట్రాక్టు పనుల కోసం దళారులకు లక్షలు కట్టి, తర్వాత పని పోగొట్టుకున్నవాళ్ల గోడు పత్రికల్లో వచ్చింది. సింగరేణిలోనే 1990 ప్రాంతంలో లక్షా 16 వేలున్న కార్మికులు ఇప్పుడు 40 వేల చుట్టూ ఉన్నారు. గేటు పాసు, బదిలీ వర్కర్, పర్మనెంటు, ఈ మూడింటినీ అప్పు ఇచ్చేవాడు ఒకే కంటితో చూడవచ్చు. తీసుకునేవాడు మాత్రం అలా చూడకూడదు.

అపోహ: “అయితే మస్టర్లు నిండేదాకా ఏమీ కొనొద్దా?”

కొనాలి. తెల్లవారుజామున మొదటి షిఫ్టుకు వేళకు చేరడానికి బండి కావాలి, అది మస్టరును నిలబెట్టే వస్తువు. వాడిన బండి అయినా, చిన్న బండి అయినా సరిపోతుంది. ఇల్లు, కారు, పెద్ద చిట్టీ జనరల్ మజ్దూర్ ఉత్తర్వు వచ్చాక. ఇంటి అప్పు మీద 10 లక్షల దాకా వడ్డీని కంపెనీ భరించే పథకం ఉంది. దాని షరతులు పర్సనెల్ విభాగంలో అడిగి తెలుసుకున్నాకే బ్యాంకుకు పోవాలి, అప్పు తీసుకున్నాక కాదు.

ఇప్పటికే అప్పు చేసినవాళ్లు వాయిదా తప్పేదాకా ఆగవద్దు. వరుసగా 90 రోజులకు మించి బాకీ పడితే ఖాతా మొండిబాకీ అవుతుంది. ఇల్లు తాకట్టు ఉంటే 60 రోజుల నోటీసుతో స్వాధీనం దారి మొదలవుతుంది. ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ వెనక్కి పోవడం చెల్లని చెక్కుతో సమానమైన నేరం, 2007 చెల్లింపుల చట్టంలో రెండేళ్ల దాకా శిక్ష ఉంది. తప్పేముందు బ్యాంకుకు పోయి వాయిదా తారీకు జీతం పడే రోజు తర్వాతకు మార్చమని, గడువు పెంచి నెలసరి మొత్తం తగ్గించమని రాతపూర్వకంగా అడగాలి. చేతిలో కొంచెం ఎక్కువ పడ్డప్పుడు ముందుగా కట్టాల్సింది ఐదు రూపాయల వడ్డీ బాకీ, ఆ తర్వాత ఏటీఎం కార్డు వెనక్కి తీసుకుని పిన్ మార్చుకోవాలి. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి అప్పును ముందే తీర్చినా బ్యాంకు అపరాధ రుసుము వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు నియమం. స్థిర వడ్డీ కారు అప్పుకు మాత్రం ఒప్పందంలో ఏం రాసుకున్నారో చూసుకోవాలి.