పొయ్యిలో కాలు పెట్టిన దయ్యము

బి. విఠలాచార్యగారి దయ్యముల చిత్రములు చదువుకొన్నవారు చూడదగినవి కావని బడిపంతులైన మావారి వాదము. మిరపకోతల దినములలో నొక సాయంకాలము, ఈ వినుకొండలో మా అత్తగారును నేనును 1978లో వెలువడిన 'జగన్మోహిని'ని టెలివిజనులో చూచుచుంటిమి. అందు జయమాలిని నటించిన మోహినీపిశాచము కట్టెలకు మారుగా తన కాళ్లనే పొయ్యిలో నుంచి వంట చేయును. భయపడవలసినచోట పకపక నవ్వితిమి. నవ్వు తగ్గిన పిమ్మట అత్తగారు, "దానికి కాళ్లు కాలినా నొప్పి లేదమ్మా, మనకే ఉన్నది" అనిరి. నాకు మరల నవ్వు రాలేదు.

విఠలాచార్యగారు (1920–1999) కంప్యూటరు మాయలు లేని దినములలో, స్వల్పవ్యయముతో 'జ్వాలాద్వీప రహస్యం' (1965), 'గండికోట రహస్యం' (1969) వంటివి తీసి 'జానపదబ్రహ్మ' యనిపించుకొనిరి. కెమెరాను ఆపి, వస్తువును మార్చి, మరల నడపుట వంటి చిన్న ఉపాయములే ఆనాటి మాయలు. గుట్టు తెలిసియు మనము సంతోషముతో మోసపోవుదుము. ఉన్న కొద్ది సరకుతో పదిమందిని తృప్తిపరచుట మన వంటింటి విద్యయు కాదా? అందుచేతనే యా చిత్రములు మనకు చుట్టములవలె తోచును.

అత్తగారి మాట మావారి చెవిని పడినది కాబోలు. మరునాడు తెల్లవారుజామున పాలు తామే కాచిరి.