కాటా ఎవరి చేతిలో ఉంది?

ఈసారి పురుగుల జబ్బుల గురించి కాదు, ఊరి లెక్కల గురించి రాస్తా ఉన్నాము. చివరిదాకా చదవండి, మన షెడ్డుకూ దీనికీ సంబంధం ఉంది.

వాణియంబాడి గూళ్ళ అంగడికి పోయేవాళ్ళందరికీ తెలిసిందే. మనం గూళ్ళు పోస్తాం. రీలర్లు వచ్చి చేత్తో తీసి, ఒత్తి చూసి, వేలం పాడతారు. కానీ తూకం వేసేది వాళ్ళు కాదు, అంగడి సిబ్బంది. మా నాయన గూళ్ళు పండించిన కొత్తల్లో ఏజెంటు ఇంటికే వచ్చేవాడు. కాటా వాడిదే, రాళ్ళు వాడివే, ధర వాడు చెప్పిందే. వాడు మంచోడా చెడ్డోడా అనేది వేరే సంగతి. కొనేవాడి చేతిలో కాటా ఉంటే మంచోడి మీద కూడా అనుమానం వస్తుంది, చెడ్డోడికి అడ్డం లేకుండా పోతుంది.

గుడ్ల దగ్గర కూడా ఇదే కట్టుబాటు. తల్లి చిమ్మటను నలిపి మైక్రోస్కోపు కింద పెట్టి, పెబ్రిన్ ఉందా లేదా చూడనిదే గుడ్లు బయటికి రాకూడదు. 2006లో కేంద్ర పట్టు మండలి చట్టాన్ని సవరించి, గుడ్లు తయారుచేసేవాళ్ళు నమోదు కావాలని, నాణ్యతకు తనిఖీ ఉండాలని పెట్టింది అందుకే. అమ్మేవాడి మాట ఒక్కటే నమ్మి చాకీ తెచ్చుకుంటే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కర లేదు.

మరి ఇంత తెలిసిన మనం, ఊరి పంచాయతీ దగ్గరికి, టౌను మున్సిపాలిటీ దగ్గరికి వచ్చేసరికి కాటా ఎవరి చేతిలో ఉందని ఎందుకు చూడం?

*మా వీధి కాలువ*

మూడేళ్ళ కింద మా వీధిలో సిమెంటు కాలువ కట్టినారు. చూసేదానికి బాగానే ఉండింది. కార్తీకంలో వానలు పట్టుకున్నాక తెలిసింది, వాటం తప్పు పెట్టినారని. నీళ్ళు ముందుకు పోకుండా వెనక్కి తన్ని మా షెడ్డులోకి వచ్చినాయి. పురుగులు నాలుగో జ్వరం లేచి అప్పుడే ఆకుకు వచ్చినాయి. రెండు రోజులు చెమ్మ ఆరలేదు. సున్నం చల్లినాం, కిటికీలన్నీ తెరిచినాం, పక్క మార్చినాం. వారం తిరక్కముందే సున్నపుకట్టు రోగం కనిపించింది. 150 గుడ్లకు నూరు కిలోలు దాటి రావలసింది 38 కిలోలు వచ్చినాయి. షెడ్డు కట్టిన అప్పుకు ఆ నెల కంతు మా ఆడమనిషి కమ్మలు కుదవ పెట్టి కట్టినాం.

కాలువ కట్టిందెవరని అప్పుడు విచారించినాం. బిల్లులో ఉన్న పేరు ఎవరో బయటి ఊరి మనిషిది. ఇసక తోలిన ట్రాక్టరు, కంకర పోసుకున్న జాగా, శనివారం కూలీలకు డబ్బు ఇచ్చిన చెయ్యి మాత్రం పంచాయతీ సభ్యుడు ఒకాయన ఇంటివి. పని బాగా జరిగిందని తీర్మానానికి చెయ్యెత్తిందీ ఆయనే. ఊరి పేరు, మనిషి పేరు ఇక్కడ వద్దు. మీ ఊళ్ళో కూడా ఇట్లాంటి కాలువ ఒకటి ఉంటుంది, ఆ పేర్లు వేసుకుని చదువుకోండి.

*అభివృద్ధి అప్పు అంటే ఏమిటి*

పంచాయతీ పనులు ఎక్కువగా గ్రాంటు డబ్బుతో జరుగుతాయి. టౌన్ల సంగతి వేరే. కాలువలు, తాగునీళ్ళు, బస్టాండ్లు లాంటి పెద్ద పనులకు మున్సిపాలిటీలు అప్పు తెస్తాయి. దానికోసమే 1996లో తమిళనాడు పట్టణాభివృద్ధి నిధి పెట్టినారు. అందులో రాష్ట్ర ప్రభుత్వంతోపాటు ఐసీఐసీఐ, హెచ్‌డీఎఫ్‌సీ, ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ కూడా చేరినాయి. ప్రపంచ బ్యాంకు, జర్మనీ వాళ్ళ కేఎఫ్‌డబ్ల్యూ బ్యాంకు డబ్బు కూడా ఈ దారిలోనే టౌన్లకు వస్తుంది.

అప్పు తేవడం తప్పు కాదు. మనం షెడ్డుకు తేలేదా, బోరుకు తేలేదా? కానీ మన అప్పుకు మనమే సంతకం పెడతాం, మనమే కడతాం, షెడ్డు గోడ పగిలితే మేస్త్రీని మనమే నిలదీస్తాం. ఊరి అప్పు అట్ల కాదు. సంతకం ఒకరిది, పని ఇంకొకరిది, కట్టేది ఇంటిపన్ను, నీటిపన్ను ఇచ్చే జనం. 2022 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో ఇంటిపన్ను పెంచినప్పుడు 600 చదరపు అడుగుల లోపలి చిన్న ఇంటికి కూడా 25 శాతం పెరిగింది. ఆ ఇంట్లో ఉండేవాళ్ళను ఏ పనికి ఎంత అప్పు తేవాలని ఎవరూ అడిగి ఉండరు.

*వేలూరులో జరిగింది*

2016 సెప్టెంబరు 20న కేంద్రం ప్రకటించిన స్మార్ట్ సిటీల జాబితాలో మన వేలూరు ఉంది, పక్కనే తిరుపతి కూడా ఉంది. ఒక్కో నగరానికి కేంద్రం వాటా 500 కోట్లు, దానికి సమానంగా రాష్ట్రం, నగరపాలిక కలిసి పెట్టాల్సి ఉండింది. ఖర్చు పెట్టేదానికి కార్పొరేషన్ కాకుండా వేరే కంపెనీ ఒకటి పెట్టాలన్నది అప్పటి నియమం.

ఇప్పుడు తేదీలు చూడండి. ఆ జాబితా వచ్చిన మరుసటి నెల, 2016 అక్టోబరులో, మన రాష్ట్రంలో స్థానిక సంస్థల గడువు తీరిపోయింది. మళ్ళీ టౌన్లకు ఎన్నికలు జరిగింది 2022 ఫిబ్రవరి 19న. వేలూరు జిల్లా పల్లెలకు 2021 అక్టోబరులో. అంటే అయిదేళ్ళ పాటు కౌన్సిలరు లేడు, పంచాయతీ ప్రెసిడెంటు లేడు, అంతా స్పెషల్ ఆఫీసర్లే. పెద్ద డబ్బు వచ్చిన కాలమూ, అడిగేవాడు లేని కాలమూ ఒకటే అయినాయి.

సరే, 2022లో కౌన్సిల్ వచ్చింది. అదే సంవత్సరం జూన్ ఆఖర్లో వేలూరు కాళికాంబాళ్ కోయిల్ వీధిలో రాత్రికి రాత్రి సిమెంటు రోడ్డు వేసినారు. నిలబెట్టిన మోటారుబండిని పక్కకు కూడా జరపకుండా చక్రాలు సిమెంటులో మునిగేట్టు పోసినారు. ఆ ఫోటో దేశమంతా తిరిగింది, మన ఫోన్లకు కూడా వచ్చింది, అందరం నవ్వుకున్నాం. కొన్ని వారాలకే సత్తువాచ్చారిలో చేతిపంపును గోడలో కలిపేసి కాలువ కట్టినారు.

నవ్వు ఆగినాక ఒక మాట ఆలోచించండి. బండి కనపడనట్టు రోడ్డు వేసిన మనిషికి, కొలత పుస్తకం పట్టుకుని ఎవరైనా వచ్చి చూస్తారనే భయం ఉందా? చూసేవాడి భయం ఉన్నచోట అట్లాంటి పని జరగదు.

రాష్ట్రంలో ప్రభుత్వం మారినాక స్మార్ట్ సిటీ పనుల మీద విచారణకు రిటైరైన ఐఏఎస్ అధికారి పి.డబ్ల్యు.సి. డేవిదార్‌ను నియమించినారు. అంతకు ముందు ప్రభుత్వంలో మున్సిపల్ శాఖ చూసిన ఎస్.పి. వేలుమణి మీద 2021 ఆగస్టులో అవినీతి నిరోధక శాఖ కేసు పెట్టింది. చెన్నై, కోయంబత్తూరు కార్పొరేషన్ల టెండర్లు ఆయనకు దగ్గరివాళ్ళ కంపెనీలకు పోయినాయనేది ఆరోపణ. ఆయన ఒప్పుకోలేదు. 2022 నవంబరు 30న మద్రాసు హైకోర్టు టెండర్ల కేసును ఆయన వరకు కొట్టేసింది.

ఇందులో ఏ పార్టీ మంచిది అనేది మా విషయం కాదు. డబ్బు ఖర్చయిపోయి, సిమెంటు ఎండిపోయినాక కోర్టులో తేల్చుకోవడం ఎంత కష్టమో చూడండి అంటున్నాం. పెబ్రిన్‌ను గుడ్ల దగ్గరే పట్టుకోవాల. పురుగు ఐదో దశకు వచ్చినాక పట్టుకుని ఏం లాభం? టెండరు కూడా అంతే.

*ఇంకో రాష్ట్రం లెక్క*

అప్పు తెచ్చేటప్పుడే లెక్క చూడకపోతే ఏమవుతుందో తెలంగాణలో కాళేశ్వరం చూపించింది. అక్కడ ప్రాజెక్టుకోసం కార్పొరేషన్ ఒకటి పెట్టి, దాని పేరున 87 వేల కోట్లకు పైగా అప్పు ఒప్పందాలు చేసుకున్నారు. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగినాయి. 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకు వచ్చిన కాగ్ నివేదిక, మొత్తం ఖర్చు 1.47 లక్షల కోట్లు దాటొచ్చని, పెట్టిన రూపాయికి తిరిగి వచ్చే లాభం 52 పైసలేనని లెక్కగట్టింది. రూపాయి ఆకు వేసి 52 పైసల గూళ్ళు తీసే రైతు ఎన్ని పంటలు నిలబడతాడు?

*చట్టం ఉంది, మరి మనం?*

పంచాయతీతో కాంట్రాక్టులో తనకు స్వార్థం ఉన్నవాడు సభ్యుడుగా ఉండకూడదని తమిళనాడు పంచాయతీల చట్టం 1994లోనే చెప్పింది. టెండర్లు బహిరంగంగా జరగాలని 1998లో ఇంకో చట్టం వచ్చింది. కానీ బామ్మర్ది పేరు, డ్రైవరు పేరు మీద బిల్లు పెడితే కాగితంలో దొరకదు. దొరికేది ఊళ్ళోనే. ట్రాక్టరు ఎవరిదో కలెక్టరాఫీసుకు తెలియదు, మనకు తెలుసు.

ఇక్కడ మా తప్పు కూడా చెప్పుకోవాల. ఆ కాలువ గురించి మేము గ్రామసభలో నోరు తెరవలేదు. ఎందుకంటే మా షెడ్డు సబ్సిడీ ఫైలు ఆరు నెలలు కదలకుండా ఉన్నప్పుడు ఆఫీసుకు కూడా వచ్చి సంతకం పెట్టించింది ఆ సభ్యుడే. ఇంటికి వస్తే కాఫీ ఇచ్చి పంపినాం. ఆ కాఫీ మా నోరు కట్టేసింది. ఆయన చేతిలో కాటా ఉందని మాకు తెలుసు, మా గూళ్ళు కూడా ఆ కాటాలోనే ఉన్నాయి కాబట్టి ఊరుకున్నాం. మాలాగా ఊరుకున్నవాళ్ళు ఊళ్ళో ఇంకో పదిమంది. కాలువ అట్లనే ఉంది. ప్రతి కార్తీకానికీ షెడ్డు వాకిట్లో మట్టికట్ట వేస్తా ఉన్నాము.

*చేయగలిగింది*

మన రాష్ట్రంలో ఏడాదికి ఆరు గ్రామసభలు: జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1. పోయినప్పుడు ఒక పనిని పట్టుకుని ఈ నాలుగు అడగండి.

1. ఈ డబ్బు గ్రాంటా, అప్పా? అప్పయితే ఎన్నేళ్ళలో, దేనిలోంచి కడతారు?
2. టెండరు ఎవరికి వచ్చింది, ఎంతమంది వేసినారు?
3. తీర్మానానికి చెయ్యెత్తినవాళ్ళలో కాంట్రాక్టరుకు చుట్టాలు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఆ తీర్మానంలో పక్కన కూర్చున్నారా?
4. పని కొలిచిందెవరు? కొలత పుస్తకం చూపిస్తారా?

అడిగింది తీర్మానం పుస్తకంలో రాయించండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అర్జీ పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాల. ఒక్కరే పోవద్దు. నలుగురు రేషం రైతులు కలిసి పోతే సబ్సిడీ ఫైలు ఆపుతామని బెదిరించేదానికి ఎవరికైనా కష్టం.

మన సంఘంలో కూడా ఇదే చూసుకోవాల. సంఘానికి బ్లీచింగు, సున్నం, చంద్రికలు కొనేటప్పుడు అమ్మే అంగడి మనలో ఎవరిదైనా అయితే, ధర మాట్లాడే రోజు ఆ మనిషి లేచి బయట కూర్చోవాల. మన ఇంట్లో చేయనిది ఊరిని అడిగితే నవ్వుతారు.

వచ్చే గ్రామసభలో మా కాలువ గురించి మేము అడగబోతా ఉన్నాము. ఆ సభ్యుడికి ముందురోజే ఇంటికి పోయి చెప్పి వస్తాం, వెనకాల మాట్లాడినట్టు ఉండకూడదు. ఏం జరిగిందో, ఏమీ జరగకపోయినా సరే, ఇక్కడే రాస్తాము.