పాలంపేట దారిలో పాత కారు చెప్పే విశేషాలు

★ 2021 జూలై నెలకో ప్రత్యేకత ఉంది. ఆ నెల 25న పాలంపేటలోని రామప్ప గుడికి యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. సరిగ్గా పది రోజుల ముందు, 15వ తేదీన, యాభై ఏళ్లు దాటిన వాహనాల రిజిస్ట్రేషన్‌కు కేంద్రం ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. అదే నెలలో అల్జీరియా బంకుల్లో సీసం కలిపిన పెట్రోలు నిల్వలు అయిపోయాయి. దాంతో కార్ల కోసం సీసం పెట్రోలు అమ్మే దేశం ప్రపంచంలో ఒక్కటీ మిగల్లేదు. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. కానీ పాత రాయినీ పాత ఇంజన్నూ ఒకేలా ప్రేమించేవాళ్లకు గుర్తుండిపోయే నెల అది.

★ ఆ నిబంధనల ప్రకారం వింటేజ్ వాహనం నంబర్ ప్లేటు మీద రాష్ట్రం కోడ్ తర్వాత ‘వీఏ’ అక్షరాలుంటాయి. రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలో ఉండాలి. రోజువారీ తిరుగుడుకు పనికిరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు మాత్రమే బయటికి తీయాలి. మన ఇళ్లలో మిగిలిన అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు, తొలితరం మారుతి 800లు చాలావరకు ఇంకా ఆ వయసుకు రాలేదు. వాటికి ఉన్నది పదిహేనేళ్ల తర్వాత రిజిస్ట్రేషన్ రెన్యువల్, ఆరు నెలలకోసారి పొల్యూషన్ పరీక్ష. వాటి యజమానుల కోసమే ఈ కబుర్లన్నీ.

★ హనుమకొండ నుంచి ములుగు రోడ్డెక్కితే పాత కారు హాయిగా పోతుంది. అరవైలో ఇంజన్ చప్పుడు చెవికి ఇంపుగానే ఉంటుంది. జంగాలపల్లి దగ్గర మలుపు తిరిగి, ఊళ్లు దాటి, రామప్ప పార్కింగ్‌లోకి వచ్చేసరికి అదే బండి గజగజ వణుకుతుంది. యాక్సిలరేటర్ వదిలితే ఆగిపోతుంది. ‘ఇంతసేపు బాగానే వచ్చిందే!’ అని ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపోతారు.

కారణం కార్బురేటర్ కట్టుబడిలోనే ఉంది. వేగంగా పోయేటప్పుడు పెట్రోలు మెయిన్ జెట్ గుండా వస్తుంది. ఐడ్లింగ్‌లో థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి స్లో జెట్ ఒక్కటే దిక్కు. దాని రంధ్రం ఎంత సన్నమంటే, ట్యాంకు అడుగు తుప్పు నలుసు ఒక్కటి అడ్డుపడితే చాలు. పైగా ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో గాలిని లాగే శక్తి ఐడ్లింగ్‌లోనే బాగా ఎక్కువ. కార్బురేటర్ కింది ప్యాకింగ్ కాస్త ఎండిపోయినా, బ్రేక్ సర్వో గొట్టం చీలినా, లెక్కలో లేని గాలి లోపలికి దూరుతుంది. హైవే మీద ఇంజన్ తాగే గాలి ఎంతో ఎక్కువ కాబట్టి ఈ దొంగగాలి లెక్కలోకి రాదు. నిలబడ్డప్పుడు మాత్రం అదే పెద్ద వాటా అవుతుంది. అందుకే పరుగులో బాగుండి నిలబడితే వణికే బండిలో ముందు స్లో జెట్‌నీ గాలి లీకునూ అనుమానించాలి.

★ వణుకు అంతా ఇంజన్ తప్పే కానక్కర్లేదు. 1213లో కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడికి పునాదిలో ఇసుక నింపారు. భూమి కంపిస్తే ఆ అదురును ఇసుక పొర మింగుతుందని దాని ఉద్దేశం. కారులో అలాంటి పని చేసేవి ఇంజన్ కింద ఉండే రబ్బరు మౌంటింగులు. అవి నూనె తగిలి మెత్తబడినా, గట్టిపడి చిట్లినా, నికార్సుగా నడుస్తున్న ఇంజన్ కూడా స్టీరింగ్‌నీ అద్దాలనూ వణికిస్తుంది. బానెట్ తెరిచి, బండి ఐడ్లింగ్‌లో ఉండగా ఇంజన్‌ను చూడండి. ఇంజన్ నిలకడగా ఉండి బాడీ మాత్రమే అదురుతుంటే డబ్బులు కార్బురేటర్ మీద ఖర్చు పెట్టొద్దు.

★ పొల్యూషన్ పరీక్ష కాగితం మీద ఉండే రెండు అంకెలు ఒక రకంగా రోగనిర్ధారణ పత్రమే. పాస్, ఫెయిల్ అన్న మాట చూసి మడిచి జేబులో పెట్టుకుంటారు కానీ, అసలు సమాచారం ఆ అంకెల్లోనే ఉంది. మొదటిది కార్బన్ మోనాక్సైడ్, శాతంలో. రెండోది హైడ్రోకార్బన్లు, పీపీఎంలో. భారత్ స్టేజ్-2 కంటే ముందు నాటి పెట్రోలు కార్లకు ఐడ్లింగ్‌లో పరిమితి 3 శాతం, 1500 పీపీఎం. స్టేజ్-2, 3 కార్లకు 0.5 శాతం, 750 పీపీఎం.

మొదటి అంకె ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. చోక్ పూర్తిగా తెరుచుకోకపోవడం, ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోవడం, ఫ్లోట్ పైకి ఉండటం, నీడిల్ వాల్వ్ కారడం, మిక్చర్ స్క్రూ ఎక్కువ తిప్పి ఉండటం, ఇందులో ఏదో ఒకటి. మొదటిది తక్కువగా ఉండి రెండోది ఆకాశాన్నంటితే కథ వేరు. పెట్రోలు కాలకుండానే బయటికి పోతోంది, అంటే ఏదో సిలిండర్ మిస్ కొడుతోంది. ప్లగ్గు, పాయింట్లు, కండెన్సర్, హైటెన్షన్ వైరు, గాలి లీకు, కాలిన వాల్వు, వీటి వరసన వెతకాలి. రెండూ ఎక్కువైతే మిక్చర్ ఎక్కువై ప్లగ్గులు మసిబారి ఉండొచ్చు. ముందు మిక్చర్ సరిచేసి, ప్లగ్గులు శుభ్రం చేసి మళ్లీ కొలవాలి.

★ సైలెన్సర్‌కు చిల్లు పడితే పరీక్షలో అంకెలు తగ్గుతాయి! బయటి గాలి లోపలికి చేరి పొగను పలుచన చేస్తుంది. అలా వచ్చిన పాస్ పాస్ కాదు.

★ ఒకే ఏడాది తయారైన రెండు కార్లకు పరిమితులు వేర్వేరుగా ఉండొచ్చు. భారత్ స్టేజ్-2 ప్రమాణాలు హైదరాబాద్‌కు 2003లో వచ్చాయి, దేశమంతటికీ 2005 ఏప్రిల్‌లో. కాబట్టి 2004లో హైదరాబాద్‌లో కొన్న కారుకూ, వరంగల్‌లో కొన్న కారుకూ ఒకటే కొలబద్ద అని అనుకోవడానికి లేదు. మీ బండి ఏ ప్రమాణానికి తయారైందో ముందు తెలుసుకోండి.

★ కార్బురేటర్ మీద పడే నిందల్లో చాలావాటికి అసలు దోషి డిస్ట్రిబ్యూటర్ మూత కింద ఉంటుంది. పాయింట్ల మధ్య ఉండాల్సిన ఖాళీ సుమారు 0.4 మిల్లీమీటర్లు. కాంటాక్టులు గుంటలు పడితే, కండెన్సర్ బలహీనమైతే నిప్పురవ్వ నీలంగా కాక పసుపుగా, నీరసంగా వస్తుంది. అందుకే మంచి మెకానిక్ ముందు ట్యాపెట్లు, తర్వాత పాయింట్లు, ఆ తర్వాత టైమింగ్, చిట్టచివర మాత్రమే కార్బురేటర్ ముట్టుకుంటాడు. ఈ వరస తప్పి స్క్రూడ్రైవర్ నేరుగా మిక్చర్ స్క్రూ మీదికి వెళ్లిందంటే, ఆ పూటకు బండి కుదుటపడినా వారానికి మళ్లీ అదే వరస.

★ యంత్రాలు లేని రోజుల్లో ఒక కాగితం ముక్కతో సగం పరీక్ష అయిపోయేది. సైలెన్సర్ చివర కాగితాన్ని వేలాడదీస్తే, మంచి ఇంజన్ దాన్ని సమానంగా బయటికి నెడుతుంది. నడుమ నడుమ తడబడితే మిస్సింగ్. కాగితం ఒక్కోసారి లోపలికి పీల్చుకున్నట్టు అంటుకుంటే ఎగ్జాస్ట్ వాల్వు కాలిందేమో చూడాలి. ప్లగ్గు కూడా అలాగే మాట్లాడుతుంది. కొసన బిస్కెట్ రంగు ఉంటే ఆరోగ్యం, పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా పాలిపోతే పెట్రోలు తక్కువ, నూనెతో తడిసి ఉంటే రింగులో వాల్వ్ సీళ్లో అరిగాయి.

★ ట్యాపెట్లు చప్పుడు చేస్తే అందరికీ కంగారు. చప్పుడు బొత్తిగా ఆగిపోతేనే ఎక్కువ కంగారు పడాలి. మన దేశంలో సీసం పెట్రోలు 2000 ఫిబ్రవరి 1 నుంచి ఆగిపోయింది. పాత ఇంజన్లలో వాల్వ్ సీట్లకు ఆ సీసమే పైపూతలా పనిచేసేది. అది లేకపోయేసరికి, గట్టి సీట్లు వేయించని ఇంజన్లలో ఎగ్జాస్ట్ సీటు నెమ్మదిగా అరిగి వాల్వు లోతుకు దిగుతుంది. ట్యాపెట్ ఖాళీ తగ్గుతుంది, చప్పుడు పోతుంది, చివరికి వాల్వు పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ తగ్గి, ఐడ్లింగ్‌లో ఆ సిలిండర్ మూగబోతుంది. సీసం మాత్రం పోవాల్సిందే. అది పిల్లల మెదళ్లను దెబ్బతీసే విషం. ఇంజన్‌కు గట్టి సీట్లు వేయించుకోవడం మన వంతు.

★ ఎండాకాలం వరంగల్ రోడ్ల మీద అంబాసిడర్ బానెట్ తెరిచి పెట్రోలు పంపు మీద తడిగుడ్డ కప్పిన దృశ్యం ఒక తరానికి బాగా గుర్తు. ఇంజన్ పక్కకే బిగించిన ఆ పంపులో పెట్రోలు వేడికి ఆవిరై, పంపు ద్రవాన్ని నెట్టలేకపోయేది. దాన్ని మిస్సింగ్ అనుకుని ప్లగ్గులు మార్చినవాళ్లు ఉన్నారు. చల్లబడ్డాక దానంతటదే బాగైతే అది ఆవిరి తంటాయే.

★ ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పెట్రోలు పూర్తిగా కాలడానికి ఒక కిలోకు దాదాపు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలే చాలు. దానిలో ఆక్సిజన్ ముందే ఉంది. కార్బురేటర్‌కు ఈ సంగతి తెలియదు, పాత కొలతలోనే కలుపుతుంది. దాంతో మిక్చర్ పలుచనై, కార్బన్ మోనాక్సైడ్ అంకె తగ్గినా ఐడ్లింగ్ తడబడొచ్చు. పాత రబ్బరు గొట్టాలు కూడా మెత్తబడి చిట్లుతాయి. పెట్రోలు గొట్టాలను ఇథనాల్‌కు తట్టుకునే రకానికి మార్చడం నా దృష్టిలో పాత కారు యజమాని చేయాల్సిన మొదటి పని. ఇది అందానికి కాదు, అగ్నిప్రమాదం తప్పించుకోవడానికి.

★ కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. ముక్కుకు తగిలే పచ్చి పెట్రోలు వాసన హైడ్రోకార్బన్లది. అందుకే వాసన రావడంలేదని మూసిన షెడ్డులో ఇంజన్ ఆన్ చేసి ట్యూనింగ్ చేయించడం ప్రాణాంతకం.

★ నిలకడైన ఐడ్లింగ్‌కు పెట్టింది పేరు రోల్స్-రాయిస్ సిల్వర్ ఘోస్ట్. ఆ పేరు రావడానికి కారణమే దాని నిశ్శబ్దం. ఆరు సిలిండర్లకూ రెండేసి ప్లగ్గులు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన పసుపు రంగు సింహాసనం కారు ఆ కోవదే. 1911లో ఆయన కన్నుమూశాక కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కు చేరింది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్తే చూడొచ్చు.

★ సామాన్యుడికి మోటారు బండి దగ్గరైంది మాత్రం 1932లో. నిజాం స్టేట్ రైల్వే ఆ ఏడాది 27 బస్సులతో రోడ్డు రవాణా విభాగం మొదలుపెట్టింది. నేటి ఆర్టీసీకి మూలం అదే. ఆర్టీసీ బస్సు నంబర్లలోని ‘జడ్’ అక్షరం ఉస్మాన్ అలీఖాన్ తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని చెబుతారు.

★ పరీక్షకు పోయే ముందు బండిని అరగంట రోడ్డు మీద నడిపించండి. చల్లటి ఇంజన్ చోక్ మీద ఉండి ఊరికే ఫెయిల్ అవుతుంది. బండి చూడకుండా సర్టిఫికెట్ ఇస్తామంటే వద్దనండి. మీకు కావలసింది ఆ కాగితం కాదు, ఆ రెండు అంకెలు. ప్రతిసారీ వాటిని ఒక నోటుబుక్కులో తేదీతో రాసి పెట్టుకోండి. మెకానిక్ దగ్గరికి ఆ పుస్తకం పట్టుకెళ్లండి. ఇక పాలంపేటకు వెళ్లినప్పుడు, మళ్లీ స్టార్ట్ కాదేమోనన్న భయంతో పార్కింగ్‌లో ఇంజన్‌ను ఆన్‌లోనే ఉంచకండి. అలా భయపడాల్సి వస్తోందంటే, బయల్దేరే ముందే ఆ బండికి వైద్యం చేయించండి.