మెస్సీ మ్యాచ్‌లో మన సింగరేణి పేరెందుకు?

మొన్న డిసెంబర్ 13న ఉప్పల్ స్టేడియంలో మెస్సీ బంతి తన్నిన వీడియోలు మీ ఫోన్లో కూడా తిరిగే ఉంటాయి. మెస్సీ వెంట సువారెజ్, డి పాల్ వచ్చారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జెర్సీ వేసుకుని గ్రౌండ్‌లోకి దిగారు. అదే రోజు కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో మెస్సీ సరిగ్గా కనబడలేదని జనం బాటిళ్లు విసిరి నానా గొడవ చేశారు. హైదరాబాద్‌లో మాత్రం అంతా సాఫీగా జరిగిపోయింది. ఈ సందడిలో ఒక పేరును చాలామంది పట్టించుకోలేదు. ముఖ్యమంత్రి టీమ్ పేరు: సింగరేణి ఆర్ఆర్9.

గోదావరిఖనిలో పుట్టినోళ్లకు మాత్రం ఆ పేరు కనబడకుండా పోదు. నేను పెరిగింది సింగరేణి క్వార్టర్లోనే. మా బాపు 30 ఏళ్లకు పైగా అండర్‌గ్రౌండ్ బాయిలో పనిచేసి రిటైరయ్యిండు. నేను ఇంజినీరింగ్ చదివి ఇప్పుడు హైదరాబాద్‌లో కోడ్ రాసుకుంటున్నా. శని, ఆదివారాలు వస్తే రాత్రి ఫుట్‌బాల్ చూడకుండా నిద్ర పట్టదు.

ఆ రోజు మా స్కూల్ దోస్తుల వాట్సాప్ గ్రూప్ రెండుగా చీలిపోయింది. "మన సింగరేణి పేరు మెస్సీ పక్కన! గూస్‌బంప్స్ రా" అని సగం మంది. "మరి పైసలు ఎవలియి?" అని మిగతా సగం. నాకు ఆ రెండో ప్రశ్న దగ్గర ఆగాలనిపించింది.

పైసలు ఎవరివి?

సింగరేణిలో 51 శాతం వాటా రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. అంటే అది ప్రజల కంపెనీ. ఆ ఈవెంట్‌కు స్పాన్సర్‌గా సింగరేణి 10 కోట్ల రూపాయలు పెట్టిందని ప్రతిపక్షాలు, కొన్ని కార్మిక సంఘాలు మండిపడ్డాయి. పేపర్లలో కూడా అదే అంకె తిరిగింది.

10 కోట్లంటే ఎంతో ఖనిలో వాళ్లకు అర్థమయ్యే లెక్కలో చెప్తా. 2025లో సింగరేణి లాభాల వాటా కింద కార్మికులకు మొత్తం 819 కోట్లు ప్రకటించారు. కాంట్రాక్ట్ కార్మికులకు తలా 5,500 రూపాయలు ఇచ్చారు. ఆ 5,500 చొప్పున పంచితే 10 కోట్లు 18 వేల మందికి పైగా కాంట్రాక్ట్ కార్మికులకు సరిపోతాయి.

సమర్థించేవాళ్ల మాట కూడా వినాలి. వాళ్లు చెప్పేదేంటంటే, సింగరేణి ఇప్పుడు ఒట్టి బొగ్గు కంపెనీ కాదు, సోలార్‌లోకి, వేరే ఖనిజాల్లోకి పోతోంది, ప్రపంచానికి పేరు తెలియాలి. సరే. కానీ సింగరేణి బొగ్గు కొనేది కరెంటు ప్లాంట్లు, సిమెంట్ ఫ్యాక్టరీలు. రామగుండం ఎన్టీపీసీ మెస్సీని చూసి ఇంకో రేక్ బొగ్గు ఎక్కువ కొనదు కదా. సరుకు అమ్ముకోవడానికి కాకపోతే ఈ ప్రచారం దేనికి?

ఆటతో మరక కడగడం

ఈ ప్రశ్నను ప్రపంచం కొన్నేళ్లుగా చాలా పెద్ద స్థాయిలో అడుగుతోంది. దానికి స్పోర్ట్స్‌వాషింగ్ అని పేరు కూడా పెట్టింది. ఒక ప్రభుత్వం మీద మానవ హక్కుల మరకలు ఉంటాయి. అది ఒక క్లబ్‌నో, టోర్నమెంట్‌నో, స్టార్‌నో కొంటుంది. కొన్నాళ్లకు ఆ దేశం పేరు వింటే జైళ్లు గుర్తుకురావు, గోల్స్ గుర్తుకొస్తాయి.

2008లో అబుదాబి రాజకుటుంబానికి చెందిన షేక్ మన్సూర్ గ్రూప్ మాంచెస్టర్ సిటీని కొన్నది. అది ఆయన సొంత పెట్టుబడి అంటారు. ఆయనేమో ఇప్పుడు యూఏఈ ఉపాధ్యక్షుడు. 2011లో ఖతార్ ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థ పారిస్ సెయింట్ జర్మేన్‌ను, అంటే మన పీఎస్‌జీని తీసుకుంది. 2021 అక్టోబర్‌లో సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధి న్యూకాజిల్ యునైటెడ్‌లో 80 శాతం కొన్నది. క్లబ్‌ను సౌదీ ప్రభుత్వం నడపదని చట్టబద్ధమైన హామీ దొరికిందని ప్రీమియర్ లీగ్ చెప్పింది. ఆ నిధికి ఛైర్మన్ ఎవరంటే, సౌదీ యువరాజు మహమ్మద్ బిన్ సల్మానే.

అప్పటికి మూడేళ్ల ముందు, 2018 అక్టోబర్ 2న, ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేట్‌లోకి వెళ్లిన జర్నలిస్ట్ జమాల్ ఖషోగ్గీ బయటకు రాలేదు. లోపలే చంపేశారు. ఆ ఆపరేషన్‌కు యువరాజు ఆమోదం ఉందని అమెరికా నిఘా వర్గాల నివేదిక 2021లో తేల్చింది. యువరాజు ఒప్పుకోలేదు. అదే ఏడాది క్లబ్ చేతులు మారినప్పుడు న్యూకాజిల్ అభిమానులు కొందరు అరబ్బుల తలగుడ్డలు కట్టుకుని స్టేడియం ముందు డ్యాన్స్ చేశారు. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. పాత ఓనర్‌తో ఏళ్ల తరబడి విసిగిపోయిన మామూలు అభిమానులు. స్పోర్ట్స్‌వాషింగ్‌కు కావలసింది సరిగ్గా ఆ సంతోషమే.

2023లో ఫాక్స్ న్యూస్ వాళ్లు స్పోర్ట్స్‌వాషింగ్ గురించి అడిగితే యువరాజు దాపరికం లేకుండా చెప్పేశాడు: దానివల్ల మా జీడీపీ ఒక శాతం పెరుగుతుందంటే చేస్తూనే ఉంటాను అని.

సాఫ్ట్‌వేర్ వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఇది సెర్చ్ రిజల్ట్స్ ఆట. చెడ్డ వార్తను ఎవరూ డిలీట్ చేయరు. దాని ముందు వంద మంచి వార్తలు పోస్తారు. ట్రాన్స్‌ఫర్ వార్తలు, హైలైట్స్, జెర్సీ లాంచ్‌లు. ఖషోగ్గీ పేరు ఎక్కడికీ పోలేదు, రెండో పేజీకి పోయింది. రెండో పేజీకి వెళ్లేవాళ్లు ఎంతమంది?

మెస్సీ కూడా ఈ కథలో ఉన్నాడు

మెస్సీ అంటే నాకు పిచ్చి. అయినా రాయాల్సింది రాయాలి. 2021 నుంచి 2023 దాకా ఆయనకు జీతం ఇచ్చింది ఖతార్ డబ్బుతో నడిచే పీఎస్‌జీ. 2022లో ఆయన సౌదీ టూరిజానికి అంబాసిడర్ అయ్యాడు. 2023 మేలో క్లబ్‌కు చెప్పకుండా సౌదీ వెళ్లినందుకు పీఎస్‌జీ ఆయన్ని సస్పెండ్ చేసింది. ఆ సౌదీ ఒప్పందం విలువ మూడేళ్లకు దాదాపు 2.5 కోట్ల డాలర్ల దాకా ఉండొచ్చని, సౌదీ పేరు చెడగొట్టే మాట ఏదీ అనకూడదన్న షరతు అందులో ఉందని న్యూయార్క్ టైమ్స్ ఆ ఏడాదే రాసింది. అంటే స్టార్ నవ్వుకే కాదు, మౌనానికి కూడా రేటు ఉంది.

ఇక 2022 డిసెంబర్ 18, లుసైల్ స్టేడియం. కప్పు అందుకునే ముందు ఖతార్ అమీర్ మెస్సీ భుజాల మీద నల్లటి బిష్ట్ కప్పాడు. అర్జెంటీనా జెర్సీ సగం ఆ గుడ్డ కింద దాగిపోయింది. ఖతార్ 12 ఏళ్లు ఖర్చు పెట్టింది ఆ ఒక్క ఫొటో కోసమేనేమో అనిపించింది.

ఆ ఊరు కట్టింది మనోళ్లు

ఖతార్ అంటే మనకు టీవీలో కనబడే దేశం మాత్రమే కాదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, మా పెద్దపల్లి పల్లెల్లో గల్ఫ్ పోయినోడు లేని వాడకట్టు ఉండదు. బాయిలో కొలువు దొరకనోళ్లకు మిగిలే దారి అదే. మా పెద్దమ్మ కొడుకు కూడా ఏజెంట్‌కు లక్షకు పైగా కట్టి 2017లో దోహా పోయిండు. సెంట్రింగ్ పని.

"స్టేడియం మేం కట్టలే తమ్మీ. దాని సుట్టున్న హోటళ్లు, రోడ్లు కట్టినం" అంటాడు అన్న. ఒక కాంట్రాక్ట్ కంపెనీ మూడు నెలల జీతం ఆపితే అప్పు తెచ్చుకుని తిన్నారట. గదిలో ఉండే ఒకాయన రాత్రి పండుకుని పొద్దున లేవలేదట. "గుండెపోటని రాసి పంపిండ్రు. గంతే." ఆ పైసలతోనే అన్న ఊర్లో ఇల్లు కట్టిండు, చెల్లె పెండ్లి చేసిండు. ఆ మాట కూడా తనే చెప్తాడు. ఫైనల్ రోజు క్యాంపులో పన్నెండు మంది ఒక ఫోన్ చుట్టూ చేరి చూశారట. మెస్సీ గెలిస్తే వాళ్లూ చప్పట్లు కొట్టారు.

2010లో వరల్డ్ కప్ ఖతార్‌కు దక్కినప్పటి నుంచి పదేళ్లలో భారత్, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక వలస కార్మికులు అక్కడ 6,500 మందికి పైగా చనిపోయారని గార్డియన్ పత్రిక 2021లో లెక్క తీసింది. అందులో 2,711 మంది భారతీయులు. వీళ్లంతా వరల్డ్ కప్ పనుల్లోనే చనిపోయారని కాదు, అన్ని రకాల పనుల్లో, అన్ని కారణాలతో. స్టేడియం పనుల్లో ప్రమాదాల వల్ల చనిపోయింది ముగ్గురే అన్నది ఖతార్ అధికారిక మాట. తీరా 2022 నవంబర్‌లో, టోర్నమెంట్ నడుస్తుండగానే, నిర్వాహక కమిటీ పెద్ద హసన్ అల్ తవాదీ ఒక ఇంటర్వ్యూలో వరల్డ్ కప్‌కు సంబంధించిన పనులన్నీ కలిపితే 400 నుంచి 500 మధ్య ఉంటుందన్నాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా కచ్చితమైన అంకె లేదు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు చనిపోతే సరైన విచారణ లేకుండా సహజ మరణమని రాసి పంపేస్తున్నారని ఆమ్నెస్టీ 2021లోనే చెప్పింది.

ఒత్తిడి వల్ల కొంత మారింది, అదీ నిజమే. కఫాలా కింద యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలుండేది కాదు. 2020లో ఆ నిబంధన తీసేశారు. 2021 నుంచి నెలకు 1,000 రియాళ్ల కనీస వేతనం వచ్చింది. ప్రపంచం అడిగింది కాబట్టే ఆ మాత్రం జరిగింది. అటు తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల సాయం ప్రకటించింది. అది కూడా గల్ఫ్ బాధితులు ఏళ్ల తరబడి అడిగితేనే. 2024 డిసెంబర్ 11న ఫిఫా 2034 వరల్డ్ కప్‌ను సౌదీకి ఇచ్చేసింది. అంటే ఇంకో విడత మనోళ్లు ఇసుకలోకి పోతారు.

మరి సింగరేణి, సౌదీ ఒకటేనా?

కాదు. ఆ పోలిక అన్యాయం. సింగరేణి ఎవర్నీ పాస్‌పోర్ట్ లాక్కుని ఉంచలేదు. ఇక్కడ యూనియన్లున్నాయి. 2023 డిసెంబర్‌లో గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగితే కార్మికులు ఓటేసి ఏఐటీయూసీని గెలిపించారు. గల్ఫ్‌లో ఉన్న మా అన్నకు యూనియన్ పెట్టుకునే హక్కే లేదు. మెస్సీ ఈవెంట్ మీద ఇక్కడ బహిరంగంగా గొడవ జరిగింది. అడిగినోళ్లను ఎవరూ దేశం నుంచి పంపించేయలేదు.

కానీ మెషీన్ మోడల్ మాత్రం ఒకటే. ప్రజల సొమ్ము ఒక వైపు పోస్తే, మరో వైపు స్టార్ పక్కన పాలకుల ఫొటో వస్తుంది. ఆ వెలుగులో కొన్ని పేర్లు రెండో పేజీకి పోతాయి. మా దగ్గర ఆ పేర్లేవో చెప్తా. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. 2020 జూన్‌లో రామగుండం ఓపెన్‌కాస్ట్‌లో పేలుడుకు నలుగురు కాంట్రాక్ట్ కార్మికులు బలయ్యారు. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్‌లో పైకప్పు కూలి ముగ్గురు పోయారు. ఓసీపీ బ్లాస్టింగ్‌కు గోడలు పగిలిన ఇండ్లు, దుమ్ముకు దగ్గే పిల్లలు వేరే. సింగరేణి అంటే దేశానికి ఇవేవీ తెలియకుండా మెస్సీ ఒక్కడే తెలిస్తే, అది మా ఊరికి గౌరవం కాదు.

ఆటకు ఖర్చు పెట్టొద్దని నేను అనను. డబ్ల్యూపీఎస్ అండ్ జీఏ పేరుతో సింగరేణి కార్మికులకు ఆటల పోటీలు పెడుతుంది. ఖనిలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఉంది. నేను మొదటిసారి బంతి తన్నింది కాలనీ గ్రౌండ్‌లోనే. అట్లాంటి ఖర్చుకు ఎవరూ అడ్డం చెప్పరు, ఎందుకంటే దాని లాభం కనబడుతుంది.

కాబట్టి మనం చేయగలిగింది అడగడం. గల్ఫ్‌లో లేనిది, ఇక్కడ ఉన్నది అదే. సింగరేణి సమాచార హక్కు చట్టం కిందికి వస్తుంది. దరఖాస్తు ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. నేను రాసిపెట్టుకున్న ప్రశ్నలివి, కావాలంటే కాపీ చేసుకోండి:

1. డిసెంబర్ 13 ఈవెంట్‌కు కంపెనీ మొత్తం ఎంత చెల్లించింది? ఎవరికి?
2. ఏ పద్దు కింద? మంజూరు చేసిన ఉత్తర్వు కాపీ ఇవ్వగలరు.
3. దానివల్ల కంపెనీకి వచ్చిన ప్రయోజనాన్ని ఎట్లా లెక్కగట్టారు?
4. అదే ఏడాది కాంట్రాక్ట్ కార్మికుల భద్రతా శిక్షణకు ఎంత ఖర్చయింది?
5. కోల్‌బెల్ట్‌లోని ఆట మైదానాలకు ఎంత?

ఈ జూన్ 11న వరల్డ్ కప్ మొదలవుతోంది. ఈసారి సెలవు దొరికితే అన్న ఊళ్లోనే ఉంటా అన్నాడు. నేనూ పోతా, అర్ధరాత్రి లేచి కలిసి చూస్తాం, మెస్సీ గోల్ కొడితే వాడకట్టంతా లేచేలా అరుస్తాం. హాఫ్ టైమ్‌లో బౌండరీ బోర్డుల మీద ఏ కంపెనీ, ఏ దేశం పేరుందో కూడా చదువుతాం.