ఎంజైములు – రసాయన పరిశ్రమకు కొత్త తోడు

రాత్రివేళ గోరువెచ్చని పాలలో చెంచాడు మజ్జిగ వేసి మూత పెడితే, తెల్లవారేసరికి గిన్నెడు పెరుగు సిద్ధమవుతుంది. పొయ్యి వెలిగించవలసిన పని లేదు. మజ్జిగలోని సూక్ష్మజీవులు తమ ఎంజైముల సాయంతో పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆ పులుపుకే పాలు తోడుకుంటాయి.

ఒక రసాయన చర్యను వేగవంతం చేస్తూ, తాను మాత్రం ఖర్చు కాకుండా మిగిలే పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటారు. జీవకణాలు తయారుచేసుకొనే ఉత్ప్రేరకాలే ఎంజైములు. ఇవి దాదాపు అన్నీ మాంసకృత్తులే. 19వ శతాబ్దంలో విల్‌హెల్మ్ కూనే అనే జర్మన్ శాస్త్రవేత్త గ్రీకు మాటల నుంచి ఈ పేరు కల్పించాడు. పులిసిన పిండిలో ఉన్నదని దాని అర్థం. తెలుగులో ‘తోడు’ అంటే చేమిరి అనీ, సహాయమనీ రెండర్థాలు ఉన్నాయి. ఉత్ప్రేరకానికి ఇంతకంటె చక్కని మాట దొరకడం కష్టం.

1897లో ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్టు కణాలను ఇసుకతో నూరి, పిండి తీసిన రసం కూడా చక్కెరను పులియబెట్టగలదని నిరూపించాడు. కణం ప్రాణంతో లేకపోయినా ఎంజైము పని చేస్తుందని దీనితో తేటతెల్లమైంది. ఎంజైమును కర్మాగారానికి తీసుకురావచ్చుననే ఆశకు మూలం ఇదే.

అయితే ప్రకృతి తన అవసరాలకు మలచుకొన్న ఎంజైము మనిషి కోరిన పనికి ఒదగదు. ఈ చిక్కును ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ విప్పింది. రైతు మేలైన కంకులను ఏరి విత్తనానికి దాచుకొన్నట్లే, ఆమె జన్యువులో యాదృచ్ఛికంగా మార్పులు కలిగించి, పుట్టిన ఎంజైములలో మెరుగైనవాటిని ఏరి, వాటిని మళ్ళీ మార్చుతూ పోయింది. 2018లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి ఆమెను వరించింది.

మధుమేహానికి వాడే సిటాగ్లిప్టిన్ మాత్ర దీనికి మంచి నిదర్శనం. ఎడమచేతికీ కుడిచేతికీ ఉన్న భేదం వంటిదే కొన్ని అణువులలోనూ ఉంటుంది. మందుకు కావలసింది ఆ రెండింటిలో ఒకటే. పూర్వపు పద్ధతిలో అధిక పీడనం వద్ద ఉదజనిని పంపి, రోడియం అనే ఖరీదైన లోహాన్ని వాడి, తరువాత ఆ లోహాన్ని మందులో లేకుండా తొలగించవలసి వచ్చేది. మెర్క్, కోడెక్సిస్ సంస్థల పరిశోధకులు ఒక ఎంజైమును ఎన్నుకొన్నారు. మొదట అది ఈ పనికి బొత్తిగా పనికిరానిదే. ఆ పెద్ద అణువు దాని గూటిలో ఇమడనే లేదు. దానిలో 27 మార్పులు చేసిన తరువాత కోరిన రూపమే, 99.95 శాతానికి మించిన శుద్ధతతో లభించింది. వ్యర్థాలు 19 శాతం తగ్గాయని, భార లోహాలతో పని లేకపోయిందని 2010లో వారు ప్రకటించారు.

ప్లాస్టిక్ సీసాలను విడగొట్టే ఎంజైముల మీద కూడా కృషి సాగుతున్నది. కాని సీసాను ముందుగా వేడిచేసి పొడి చేయవలసి ఉండడం వల్ల ఖర్చు పెరుగుతున్నది.

అన్నింటికంటె కఠినమైనది ఎరువుల సమస్య. గాలిలోని నత్రజనిని అమోనియాగా మార్చడానికి కర్మాగారాలకు 400 డిగ్రీల సెంటీగ్రేడుకు పైబడిన వేడి, వందకు మించిన వాతావరణ పీడనాలు కావాలి. అదే పనిని వేరుశనగ వేరుబుడిపెలలోని బాక్టీరియా నేల వేడిమిలోనే చేస్తాయి. వాటిలోని నైట్రోజినేజ్ అనే ఎంజైము ప్రాణవాయువు సోకితే చెడిపోతుంది. అందుకే దానిని బయటకు తెచ్చి పరిశ్రమలో నిలపడం ఇంతవరకు సాధ్యం కాలేదు. మొక్క మాత్రం మన నెత్తుటిలోని హీమోగ్లోబిన్‌ను పోలిన పదార్థాన్ని కాపలా ఉంచి, ప్రాణవాయువును అదుపులో పెడుతుంది. వేరుశనగ బుడిపెను చిదిమినపుడు కనబడే గులాబి రంగు దానిదే.