రెండు గోలీలు, 45 కిలోలు

ఇస్నాపూర్ దాటి రుద్రారం వైపు వెళ్లే దారిలో ఒక మందుల దుకాణం. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన కుర్రాడు మెడలో కంపెనీ కార్డు ఇంకా తీయనే లేదు. కౌంటరు మీద మోచేతులు ఆన్చి "భయ్యా, మొన్నటి గోలీలే రెండియ్యి" అన్నాడు. షాపాయన స్ట్రిప్పు తీసి కత్తెరతో రెండు గోలీలు కత్తిరించి చేతిలో పెట్టాడు. యాంటీబయాటిక్. ఆ ముక్క మీద మందు పేరు సగమే మిగిలింది, ఎక్స్‌పైరీ తేదీ అవతలి ముక్కలో ఉండిపోయింది. జ్వరం తగ్గితే సరే, తగ్గకపోతే రేపు మళ్లీ రెండు. డాక్టరు దగ్గరికి పోతే ఒక రోజు హాజరు పోతుంది.

ఇలాంటి మందులే ఈ పటాన్‌చెరు ప్రాంతపు వాగుల్లో కిలోల లెక్కన పారాయి. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ యూనివర్సిటీకి చెందిన లార్సన్ బృందం పటాన్‌చెరు మీద ఒక పరిశోధన ప్రచురించింది. దాదాపు 90 ఔషధ కంపెనీల వ్యర్థజలాలు చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం దగ్గర, శుద్ధి చేసి బయటికి వదులుతున్న నీటినే వాళ్లు పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కూడా అంత ఉండదు. ఆ ఒక్క మందే రోజుకు సుమారు 45 కిలోలు. అప్పటికి 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశమంతా ఐదు రోజులు వాడుకునేంత. మన షాపు లెక్కలో చెప్తే 500 మిల్లీగ్రాముల గోలీలు 90 వేలు, ఒక్క రోజులో, నక్కవాగు మీదుగా మంజీరలోకి. 2009లో వచ్చిన మరో అధ్యయనం చుట్టుపక్కల ఊళ్ల బావుల్లోనూ ఔషధాల జాడ చూపించింది. ఆ తర్వాత పైపులైను వేసి ఆ నీటిని అంబర్‌పేట శుద్ధి కేంద్రం వైపు, అంటే మూసీ వైపు మళ్లించారు. మంజీర ఒడ్డు ఊళ్ల బాధ కొంత తగ్గి ఉండొచ్చు. మూసీ ఒడ్డున కూడా ఊళ్లున్నాయి మరి.

ఇదంతా కళ్లెదుటే ఉన్నా, గ్లోబల్ హెల్త్ చదవాలనుకునే మన పిల్లలకు జెనీవా గుర్తొస్తుంది, లండన్ గుర్తొస్తుంది. కానీ హైదరాబాద్‌లోనే 2008 నుంచి ప్రజారోగ్య విద్యకంటూ ఒక సంస్థ ఉంది, సెంట్రల్ యూనివర్సిటీలో ప్రజారోగ్యంలో పీజీ ఉంది. రుద్రారంలోనే గీతం యూనివర్సిటీ ప్రాంగణంలో 2021 నుంచి కౌటిల్య పబ్లిక్ పాలసీ స్కూలు నడుస్తోంది. ఈ చదువుల్లో ముఖ్యంగా చెప్పుకునేది 2008 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ నివేదిక. మనిషి ఆయుష్షును తేల్చేది ఆసుపత్రి కంటే ముందు అతను పుట్టిన చోటు, పెరిగిన తీరు, చేసే పని అని మైకేల్ మార్మట్ నాయకత్వంలోని ఆ కమిషన్ చెప్పింది. ఆ మాటకు రుజువు కోసం విమానం ఎక్కక్కర్లేదు, కాలేజీ గేటు దాటితే చాలు.

ఈ రుజువును పుస్తకాల కంటే ముందు చూసినవాడు పటాన్‌చెరులో ప్రాక్టీసు పెట్టుకున్న డాక్టర్ కిషన్‌రావు. తన దగ్గరికి వచ్చే రోగులను చూసి ఆయన వాగు దగ్గరికి వెళ్లాడు, దశాబ్దాలపాటు ఆ పోరాటం వదల్లేదు. 1990లో కాలుష్యం కేసు సుప్రీంకోర్టుకు చేరింది, అక్కణ్ణుంచి హైకోర్టుకు, చివరికి హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లి 2017లో తీర్పు వచ్చింది. ఇరవై ఏడేళ్లు! మధ్యలో రైతులకు పరిహారం ఇచ్చారు, ఎకరాల లెక్కన. ఎకరం ఉన్నవాడికి ఎకరం లెక్క దొరికింది. ఆ నీళ్లే తాగిన కూలీకి, అతని పిల్లలకు ఏ లెక్కన ఇవ్వాలి? నాకు ఈ ప్రశ్న చాలా ఏళ్లుగా గుచ్చుకుంటూనే ఉంది.

నీటిలో మందును కొలవడం సులువు, సీసా నింపుకుని ల్యాబుకు పంపితే చాలు. మనుషుల్లో జబ్బును కొలవడం కష్టం. 2004లో గ్రీన్‌పీస్ వాళ్లు పారిశ్రామిక ప్రాంతంలోని ఊళ్లను దూరంగా ఉన్న ఊళ్లతో పోల్చి ఇంటింటి సర్వే చేశారు. పద్ధతి అదే. అయితే ఇప్పుడు పోల్చడానికి ఏ ఊరిని తీసుకుంటాం? పక్కూరికీ ఫ్యాక్టరీ వచ్చేసింది. కంపెనీ లోపలికి వెళ్లి లెక్కిస్తే అందరూ గట్టిగానే కనిపిస్తారు, ఎందుకంటే జబ్బుపడ్డవాడు అప్పటికే మానేసి ఊరికి వెళ్లిపోయి ఉంటాడు. ప్రజారోగ్యం చదివిన ప్రతివాడికీ తెలిసిన చిక్కే ఇది. ఇక కార్మికుల ఆరోగ్య బీమా ఈఎస్ఐ రికార్డులు చూద్దామంటే, జీతంలో 0.75 శాతం కోత పడుతున్నవాడి పేరే అందులో ఉంటుంది. కాంట్రాక్టరు పేరు ఎక్కించని మనిషికి కార్డూ లేదు, లెక్కా లేదు.

2025 జూన్ 30న ఇదే ప్రాంతంలోని పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీ పేలి నలభై మందికి పైగా చనిపోయారు. బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు ఎందరో. ఎవరు ఎవరో గుర్తించడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. కొందరి ఆనవాళ్లు అసలే దొరకలేదు. ఒక్క రోజులో పోయిన ప్రాణాలను లెక్కగట్టడానికే అంత కష్టమైంది. పదేళ్లలో మెల్లగా చెడే కిడ్నీని, ఊపిరితిత్తిని ఎవరు లెక్కపెడతారు?

అందుకే రుద్రారంలో చదివే విద్యార్థి తయారుచేసుకునే సర్వే కాగితంలో రెండు ప్రశ్నలు తప్పకుండా ఉండాలని నా కోరిక. ఇక్కడికి వచ్చి ఎన్నేళ్లయింది? వెళ్లిపోయాక మీ బాగోగులు ఏ నంబరుకు ఫోన్ చేసి అడగాలి?

షాపు దగ్గర ఆ కుర్రాణ్ణి అడిగాను. ఒడిశాలోని గంజాం జిల్లా అట, వచ్చి రెండేళ్లు. ఫోన్ నంబరు చెప్పబోయి ఆగాడు. "ఈ సిమ్ ఇక్కడిది సార్. దసరాకు ఊరికి పోతా. అక్కడ వేరే ఉంటది" అన్నాడు. కాసేపు ఆలోచించి వాళ్లమ్మ నంబరు రాయించాడు.